చదువుకొనుట, చదివించుట
(స్మారకోపన్యాస పాఠము)



ఎవరి స్మృతికి అంజలి ఘటించుటకై నేడు మనమిచ్చట చేరితిమో ఆ మా గురువుగారు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో దీర్ఘకాలము మనస్తత్త్వశాస్త్రమును బోధించియు, దానిని గూర్చి ఒక్క గ్రంథమైనను అచ్చువేయింపక, తాము ఆలోచించినదంతయు గీతల నోటుపుస్తకములలోనే నిలిపి వెళ్లినవారు. ఆ పుస్తకములలో ఒకటి వారి కుటుంబమువారి దయచేత నాకు లభించినది. దాని ఎడమపుటలయందు సిరాతో ఒక ప్రశ్నావళిలోని వాక్యములును, కుడిపుటలయందు పెన్సిలుతో ఆ వాక్యములను విని పిల్లలు పలికిన మాటలును ఉన్నవి. ఎడమవైపు వ్రాత ముత్యములవంటిది, ఒక్కచోట తప్ప కొట్టివేతలు లేనిది. కుడివైపు వ్రాత వడివడిగా సాగినది, అక్కడక్కడ చేతిచెమటకు అలికిపోయినది, ఒక్కొక్కచోట వాక్యము నడుమనే ఆగినది. నేటి నా ప్రసంగమంతయు ఆ ఎడమపుటకును కుడిపుటకును మధ్యనున్న దూరమును గూర్చియే.

ఆ ప్రశ్నావళి పుట్టిన చోటు మనకు దూరము. కెనడాదేశపు క్యూబెక్ రాష్ట్రమున రాబర్ట్ వాలరాండ్ అను మనస్తత్త్వవేత్తయు ఆయన సహచరులును, విద్యార్థులను చదువువైపు నడపు కారణములను కొలుచుటకై ఫ్రెంచిభాషలో ఒక మాపనిని నిర్మించి 1989లో ప్రకటించిరి. కళాశాలకు ఎందుకు వెళ్లుచున్నావని అడుగు ప్రశ్న ఒక్కటే. దానికి సమాధానములుగా 28 వాక్యములు. ఒక్కొక్క వాక్యము తనకు ఎంతవరకు వర్తించునో విద్యార్థి 1 మొదలు 7 వరకుగల అంకెలలో ఒకదానిని గుర్తించి తెలుపవలెను. వాక్యములు నాలుగేసి చొప్పున ఏడు గుంపులు. క్రొత్తసంగతి తెలిసికొనుటలోని ఆనందము, కష్టమైనదానిని సాధించుటలోని ఆనందము, చదువుచుండగా కలుగు పులకింత అను మూడు గుంపులు లోపలినుండి పుట్టు కోరికకు సంబంధించినవి. జీతము, హోదావంటి ఫలములకై చదువుట, చదువలేకపోయినచో తన కంటికి తానే చిన్నవాడగుదునను బాధచేత చదువుట, ఇది నాకు మేలని తానే గుర్తించి స్వీకరించి చదువుట అను మూడు గుంపులు వెలుపలి కారణములకు సంబంధించినవి. ఏ కారణమును తోచక ఊరక వచ్చిపోవు స్థితి ఏడవది. ఈ విభాగమునకు ఆధారమైన సిద్ధాంతము ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అను అమెరికా పండితులది. 1985లో వారది గ్రంథరూపమున వెలువరించిరి. మనిషి తన పనికి తానే కర్తనని ఎంత నిండుగా భావించునో అంత నిలుకడగా ఆ పనిలో నిలుచునని దాని సారాంశము.

ఇచ్చట ఒక సంగతి మరువరాదు. మనదేశమున ఈ మాపనిని వాడువారిలో పెక్కుమంది ఆంగ్లపాఠమునే మూలమని తలంతురు. కాని ఆంగ్లపాఠము స్వయముగా అనువాదము. ఆ పండితులే తమ ఫ్రెంచి వాక్యములను ఆంగ్లీకరించి, ఒంటారియో రాష్ట్రపు విశ్వవిద్యాలయ విద్యార్థులు 745 మందిచేత పూరింపజేసి, 1992లో ఫలితములను ప్రకటించిరి. వాక్యములు తమలోతాము ఎంత పొందికగా నిలుచుచున్నవో తెలుపు గుణకము సగటున 0.81, ఒక నెల గడచిన పిమ్మట మరల అడిగినప్పుడు తొలి సమాధానములతో పొంతన సగటున 0.79. ఇవి మంచి అంకెలు. అయినను, పక్కపక్కనే నివసించు రెండు భాషలవారి నడుమ, ఒకే దేశమున, మూలకర్తలే స్వయముగా చేసిన అనువాదమునందును ఒక గుంపు తక్కినవాటివలె గట్టిగా నిలువలేదు. అది, మేలని గుర్తించి తానే స్వీకరించిన కారణమును కొలుచు గుంపు. ఆ ఒక్క బలహీనతను గురువుగారు నోటుపుస్తకపు మొదటిపుటలోనే ఎఱ్ఱసిరాతో గీటుపెట్టి యుంచిరి. ఏలయో నాకు చాలకాలమునకు గాని బోధపడలేదు.

గురువుగారును నేనును ఆ మాపనిని తెలుగు చేయబూనినప్పుడు మొట్టమొదటి చిక్కు శీర్షికయందే ఎదురైనది. అందలి మోటివేషన్ అను మాటకు మన పాఠ్యగ్రంథములు 'ప్రేరణ' అను శబ్దమును స్థిరపరచినవి. శబ్దమునందు దోషము లేదు. కాని తెలుగుపిల్లవాడు దానిని మొదట వినునది మనస్తత్త్వశాస్త్రమున గాదు, వ్యాకరణమున. చేయు, చేయించు, తిను, తినిపించు, చదువు, చదివించు: ఈ జంటలలో రెండవదానిని ప్రేరణార్థక క్రియయని వానికి బోధింతుము. అనగా వాని ఎరుకలో ప్రేరణ యనునది ఎల్లప్పుడును మరియొకరినుండి వచ్చునది. చేయువాడొకడు, చేయించువాడు వేరొకడు. అట్టివానిముందు 'అంతఃప్రేరణ' అను సమాసమును నిలిపినచో, పరీక్షకొరకు దాని నిర్వచనమును వల్లించునే గాని, ఆ మాటలో తన మనసును చూచుకొనజాలడు. మా గురువుగారు శీర్షికనుండి ఆ మాటను తీసివేసి, 'నేను ఎందుకు చదువుకుంటున్నాను?' అని మాత్రము వ్రాసిరి. ఆ చిన్న 'కొను' ఎంత పని చేయునో పిదప చెప్పెదను.

ఉపన్యాసమునకు ఒక భాష తగును. ప్రశ్నకు మరియొక భాష తగును. నేను మీయెదుట పెద్దల నుడికారమున మాటాడుట సభామర్యాద. కాని పదునారేండ్ల పిల్లను నీ మనసులో ఏమున్నదని అడుగునప్పుడు ఆ మర్యాద అడ్డుగోడ యగును. ఆమె తనయింట పలుకు మాటతోనే అడుగవలెను. అదియు ఏ ఇంట? తీరాంధ్రపు పిల్ల 'పరువు పోతుంది' అనుచోట తెలంగాణపు పిల్ల 'ఇజ్జత్ పోతది' అనును. ఒక్క పత్రముతో రెండుచోట్లను అడుగదలచినవాడు రెండిండ్లవారికిని తెలిసిన మాట వెదకవలెను. దొరకనిచోట రెండు పత్రములు చేయవలెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనులకు చదువు చెప్పదలచి, సవరలను తమయింట నుంచుకొని వారి భాషను తాము నేర్చికొని, ఆ పిమ్మటనే వారికి పుస్తకములు కూర్చిరి. అడుగువాడు వినువాని భాషలోనికి నడచిపోవలెనను ఆ వరుసను మా గురువుగారు తరచుగా జ్ఞాపకము చేయుచుండెడివారు.

అనువాద ప్రశ్నావళుల తప్పొప్పులను పరీక్షించుటకు లోకమంతట ఆదరింపబడు పద్ధతి ప్రత్యనువాదము. మూలమును ఒకరు తెలుగు చేయుదురు. మూలమును చూడని మరియొకరు ఆ తెలుగును తిరిగి ఆంగ్లము చేయుదురు. రెండు ఆంగ్లములును సరిపోయినచో తెలుగు సరిగానున్నదని నిశ్చయింతురు. రిచర్డ్ బ్రిస్లిన్ అను పండితుడు గువామ్ ద్వీపమందలి విశ్వవిద్యాలయమున, పది భాషలకు చెందిన ద్విభాషాపరులు 94 మందిచేత ఆరు వ్యాసములను అనువదింపజేసి, ఈ పద్ధతి గుణదోషములను 1970లో వివరించెను. అనువదింపదగిన వాక్యమెట్లుండవలెనో కూడ ఆయన సూచించెను: పదునారు పదములకు తక్కువగా నుండవలెను, సర్వనామమునకు మారుగా నామమునే మరల వాడవలెను, కర్తరి వాక్యమే మేలు, రూపకములును జాతీయములును వలదు. ఇవి అనుభవజ్ఞుని మాటలు. వీనిని నేను ఇన్నేండ్లుగా శిష్యులకు బోధించుచునే యున్నాను.

అయినను ఆ పద్ధతిలో ఒక లోతైన మోసము పొంచియున్నది. తెలుగు వాక్యము ఎంత తెలుగుగా నుండునో అది అంత మారి ఆంగ్లమునకు తిరిగిపోవును. ఎంత ఆంగ్లపు పోతలో నుండునో అంత చెక్కుచెదరక తిరిగిపోవును. మాటకు మాట పెట్టి కూర్చిన వాక్యమును ప్రత్యనువాదకుడు మాటకు మాట తీసి మరల కూర్చును. రెండు ఆంగ్లములును కవలలవలె సరిపోవును. అనువాదమును పరిశీలించు సంఘము సంతోషించి సంతకము చేయును. నడుమనున్న తెలుగు మాత్రము ఎవ్వరికిని అర్థము కాదు. ఈ పరీక్ష పండితునకు పండితుడు పెట్టుకొన్న పరీక్ష. అందులో విద్యార్థికి పాత్రయే లేదు.

మాకు జరిగినది ఇదియే. ఆ మాపనిలో, పట్టముదాక చదువగల శక్తి తనకున్నదని తనకు తానే రుజువు చేసికొనుటకై చదువుచున్నానను అర్థముగల వాక్యము ఒకటి యున్నది. నేను దానిని 'నా చదువు పూర్తిచేయగలనని నాకు నేను నిరూపించుకోవడానికి' అని తెలుగు చేసితిని. ఆంగ్లోపన్యాసకుడొకరు దానిని తిరిగి ఆంగ్లము చేయగా మూలముతో ఒక్క మాట భేదింపలేదు. నేనెంతయో పొంగిపోయితిని. గురువుగారు ఏమియు ననక, నన్ను వెంటబెట్టుకొని ఒక చిన్నపట్టణపు బాలికల జూనియర్ కళాశాలకు వచ్చిరి. మధ్యాహ్నభోజనమైన వేళ, వేపచెట్టు క్రింది సిమెంటు అరుగుమీద కూర్చుండి, పత్రము చేతికీయకనే, ఒక్కొక్క వాక్యమును చదివి వినిపించి, నీకు ఏమి తోచినదమ్మా అని అడుగనారంభించిరి.

ఆ బాలికలలో ఒక పిల్ల సైకిలుమీద దూరపు పల్లెనుండి వచ్చునది. చేతిలో టిఫినుడబ్బా ఇంకను కడుగక యున్నది. ఆ వాక్యమును విని కొంతసేపు ఊరకుండి, పిదప మెల్లగా ననెను: "నేను చదవగలనని నాకు తెలుసండి. మా పెదనాన్నకే తెలీదు."

గురువుగారు పెన్సిలు దించలేదు. "పెదనాన్నకు తెలియాలని చదువుతున్నావా మరి?" అని అడిగిరి.

"అది కాదండి. ఆయనకి తెలిస్తే మా నాన్న మాట నిలబడుద్ది. నన్ను చదివిస్తానని అందరిముందూ అన్నాడు గదా."

కుడిపుటలో ఆమె మాటలన్నియు అట్లే యున్నవి. నేను వానిని ఇప్పటికిని కనులు మూసికొనినను చదువగలను. తెలుగున నిరూపణ మనునది సాక్షులయెదుట జరుగునది, తీర్పరియెదుట జరుగునది. తనకు తానే నిరూపించుకొనుట యను చర్య ఆ పిల్ల ఎరిగిన లోకమున లేదు. ఇటీవల సినిమావారి సంభాషణలయందు 'నన్ను నేను నిరూపించుకోవాలి' అను మాట విరివిగా వినబడుచున్నను, ఆ నిరూపణయు ప్రేక్షకులకే. కనుక ఆమె 7 గుర్తించినను 1 గుర్తించినను మేము కొలువదలచినది మాకు దొరకెడిది కాదు. పైగా ఆమె కారణము ఏడు గుంపులలో దేనియందును ఇముడదు. అది జీతముకొరకు గాదు. తన ఆత్మగౌరవముకొరకు మాత్రమును గాదు. చదువనిచో సిగ్గుపడుదునను భయమును గాదు. తండ్రి పదిమందియెదుట పలికిన మాట నిలుచుట ఆమెకు బరువుగా లేదు. ఆ మాట చెప్పునప్పుడు ఆమె మొగము వెలిగినది. నేను చూచితిని.

తరువాత మేము ఆ వాక్యమును పలుమారులు త్రిప్పి త్రిప్పి, చివరకు 'ఇంత చదువు నావల్ల అవుతుందని నాకే ధైర్యం కలగడానికి' అని నిలిపితిమి. పిల్లలు విన్నవెంటనే తల యూచిరి. కొందరు ఔననిరి, కొందరు కాదనిరి, కాని ఒక్కరును ఏమిటని అడుగలేదు. ప్రత్యనువాదము మాత్రము వంకరగా వచ్చినది. సంఘసభ్యులొకరు దానికి ఎఱ్ఱగుర్తు పెట్టి, మూలమునుండి తొలగినదనిరి. ఆనాడు ఆ గదిలో రెండుగంటల చర్చ నడచినది. మూలమునుకూడ సవరించుకొనుచు, రెండు భాషలకును సమదూరమున ఒక అర్థమును వెదకు పద్ధతి కలదని, దానిని వెర్నర్, కాంప్‌బెల్ అను పండితులు 1970లోనే ప్రతిపాదించిరని గురువుగారు చెప్పి వాక్యమును నిలబెట్టిరి. అంతర్జాతీయ పరీక్షాసంఘమువారు పరీక్షల అనువాదమును గూర్చి వెలువరించిన నియమములును, వాని 2017 నాటి రెండవ కూర్పును, భాషాసామ్యము ఒక్కటే చాలదనియే చెప్పుచున్నవి. కాని నియమములు వచ్చినను సంఘములు మారుట అరుదు. ప్రత్యనువాదము పూర్తియైనదని ఒక వాక్యము వ్రాసి సిద్ధాంతవ్యాసమును సమర్పించుట నేటికిని మన విశ్వవిద్యాలయములలో పరిపాటి. విద్యార్థిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని విన్న జాడ అందులో కానరాదు. ఇది నన్ను బాధించుచున్నది.

క్రియాకాలము మరియొక గుంట. తెలుగున 'చదువుతాను' అనునది అలవాటును తెలుపును, రాబోవు కాలమునుకూడ తెలుపును. గురువుగారు తాము స్వయముగా కూర్చిన ఒక అనుబంధ పత్రమునందు 'పాఠ్యపుస్తకంలో లేని విషయాలు కూడా చదువుతాను' అని వ్రాసియుండగా, ఒక బాలుడు ఎంతయో శ్రద్ధగా "ఎప్పటినుంచండీ, పరీక్షలయ్యాకనా?" అని అడిగెను. అలవాటును అడిగితిమని మేము తలంచితిమి. వాగ్దానమును అడిగినారని వాడు తలంచెను. మంచిపిల్లవాడు కావున 7 గుర్తించియుండును. ఎన్ని పత్రములలో ఎందరు పిల్లలు ఇట్లు తమ వాగ్దానములను అలవాట్ల క్రింద లెక్కగట్టించిరో తలచుకొనిన గుండె జల్లుమనును. 'చదువుతూ ఉంటాను' అని మార్చుటతో ఆ దోషము తొలగినది. ఒక్క 'ఉండు' ధాతువు.

ఇంకను, మనసులో పుట్టు పెక్కుభావములకు తెలుగున మనిషి కర్తగా నిలువడు. నాకు ఇష్టము, నాకు విసుగు పుట్టినది, నాకు ఆశ కలిగినది: అన్నియు 'కు' ప్రత్యయముతో మనిషిని చేరవచ్చునవే. ఆంగ్లమున నేను ఇష్టపడుచున్నాను, నేను ఎన్నుకొంటిని అని కర్తృత్వమును చాటు వాక్యములను తెలుగున అట్లే నిలిపినచో, అవి గర్వపుమాటలవలె వినబడి, వినయముగల పిల్ల వానికి తక్కువ అంకె వేయును. ఆమె స్వేచ్ఛ తక్కువది గాదు. ఆ మాట ఆమె మర్యాదకు పొసగదు.

అంకెల మెట్లను గూర్చి ఒక్క మాట. ఏడింటిలో ఎన్ని యనగా బడిపిల్లలకు మార్కులు జ్ఞాపకము వచ్చును. తక్కువ మార్కు ఎవరు వేసికొందురు? వయోజన విద్యాకేంద్రమున ఒక ముదుసలి ఆ ఏడంకెల గీతను చూచి చేయిత్రిప్పి, వాక్యమును మరల చదివించుకొని, "ఆ మాట పన్నెండణాలు నిజం నాయనా" అనెను. నాణెము మారి దశాబ్దములు గడచినను పదహారణాల నిజమనునది ఆమె నాలుకపై సజీవముగా నున్నది. గురువుగారు ఆ సాయంకాలమే నోటుపుస్తకమున ఏడంకెల గీతను కొట్టివేసి గుండ్రని రూపాయిబొమ్మ గీసి, దానిని పావలాలుగా విభజించిరి. ఆ పుస్తకమంతటిలో ఎడమపుటలోని కొట్టివేత అదొక్కటే.

మనసులోని కోరికను కొలుచు ఈ పని మన తెలుగుగడ్డకు పూర్తిగా క్రొత్తది గాదు. 1960వ దశకమున హార్వర్డు విశ్వవిద్యాలయపు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదునందలి చిన్నపరిశ్రమల విస్తరణ శిక్షణసంస్థ తోడ్పాటుతో, కాకినాడ వ్యాపారులకు సాధనేచ్ఛను పెంచు శిక్షణ యిప్పించి, అట్టి శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతో వారిని పోల్చి చూచెను. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఆయన ప్రకటించిన గ్రంథమున, శిక్షణ పొందినవారు క్రొత్త వ్యాపారములు నెలకొల్పుటయందును, పెట్టుబడి పెట్టుటయందును, పాటుపడుటయందును ముందంజ వేసిరని తేలినది. సంప్రదాయ విశ్వాసములు వ్యాపారదక్షతకు ఆటంకములని ఆనాడు లోకమున ప్రబలియున్న అభిప్రాయమునకు ఇది గట్టి దెబ్బ. అందులకు తెలుగువారు ఆయనకు ఋణపడియున్నారు. అయినను సాధనేచ్ఛను కొలుచుటకు ఆయన పెట్టుకొన్న కొలబద్ద యేమి? బొమ్మను చూపి కథ వ్రాయించి, ఆ కథలో ఉత్తమప్రమాణముతో పోటీపడు తలంపు ఎంత కలదో లెక్కించుట. ఈ లెక్కింపునకు నియమములు అమెరికాకళాశాలల విద్యార్థుల కథలనుండి ఏర్పడినవి. తాను ముగ్గురు చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసితినని, ఊరికి సత్రము కట్టించితినని గుండెమీద చేయి వేసికొని చెప్పు వర్తకుని తృప్తికి ఆ నియమములలో గడి లేదు. ఉదయ్ పారీక్ అను మన మనస్తత్త్వవేత్త 1968లోనే, దేశాభివృద్ధికి సాధనేచ్ఛ ఒక్కటి చాలదనియు, తన మేలును ఇతరులవరకు చాచు విస్తరణేచ్ఛతో దానిని గుణింపవలెననియు, అందుండి పరాధీనతను తీసివేయవలెననియు ఒక సమీకరణమును ప్రతిపాదించెను. కూడుట గాదు, గుణించుట. విస్తరణేచ్ఛ సున్న అయినచో సాధనేచ్ఛ ఎంత యున్నను గుణకారఫలము సున్నయే. ఈ సూక్ష్మము నాకు మిక్కిలి ప్రియమైనది.

ఇప్పుడు 'కొను'ను గూర్చి. తెలుగున చదువు అను ధాతువునకు మూడు రూపములు నిత్యవ్యవహారమున నున్నవి: చదువుట, చదువుకొనుట, చదివించుట. చదువుకొనుటయందు ఫలము తనకు చేరును. వండుకొనుట, దాచుకొనుట, నేర్చుకొనుట వంటిదే అది. చదివించుటయందు కర్త వేరు. క్యూబెక్ మాపని ఏడు గుంపులుగా విడదీసిన దానిని మన వ్యాకరణము రెండు ప్రత్యయములతో ఎన్నడో విడదీసినది. కాని విడదీసి మరల ఒకచో కూర్చినది. రైలులో ప్రక్కనున్న పిల్లవానిని "ఏం చదువుకుంటున్నావు?" అని అడిగిన నోటితోనే "ఎవరు చదివిస్తున్నారు?" అనియు అడుగుదుము. "మా మేనమామ చదివిస్తున్నాడండి" అని వాడు తలయెత్తి చెప్పును. ఆ సమాధానమున నిర్బంధము లేదు. ఫీజు ఉన్నది, అన్నము ఉన్నది, నమ్మకము ఉన్నది. ఒకరు చదివించుచుండగా తాను చదువుకొనుట తెలుగువానికి విరుద్ధముగా తోచదు. లోపలి కారణము, వెలుపలి కారణము అని గీత గీచినప్పుడు మేనమామ ఆ గీతకు ఏవైపున నిలుచును?

డెసీ, రయన్ పండితులకు నేను అన్యాయము చేయరాదు. స్వతంత్రించి యొంటరిగా నుండుట వేరు, మనఃపూర్వకముగా పూనుకొనుట వేరు అని వారే చెప్పిరి. ఇతరులు కోరినదానినైనను తనదిగా చేసికొని చేయువాడు కర్తయే యని వారి మతము. ఆ మాటతో నాకు పూర్తిగా ఏకీభావము. చిక్కు సిద్ధాంతములో గాదు, పత్రములో నున్నది. శీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ అను పరిశోధకులు 1999లో ప్రకటించిన అధ్యయనమున, అక్షరముల చిక్కుముడులను విప్పు ఆట నిచ్చినప్పుడు, ఐరోపాసంతతి అమెరికాబాలలు తామే ఎన్నుకొన్న ఆటలో ఎక్కువసేపు లీనమైరి. ఆసియాసంతతి బాలలు తమ తల్లి ఎన్నుకొన్నదని చెప్పిన ఆటలో ఎక్కువసేపు లీనమైరి. జోన్ మిల్లర్ అను పరిశోధకురాలు భారతీయులతోను అమెరికనులతోను జరిపిన పరిశీలనలలో, ఆప్తులకు సాయపడుట తన విధియను భావమును, తన ఇష్టమున చేయుచున్నానను భావమును భారతీయులలో కలిసియే పెరుగునని, అమెరికనులలో అట్టి పొత్తు కానరాలేదని తేల్చెను. గురువుగారు ఎఱ్ఱసిరాతో గీటుపెట్టిన గుంపు, మేలని గుర్తించి తనదిగా చేసికొన్న కారణమును కొలుచు గుంపు, ఫ్రెంచినుండి ఆంగ్లమునకు పోవునప్పుడే ఎందుకు సడలినదో నేనిప్పుడు ఊహింపగలను. తనదిగా చేసికొనుట అను పని ప్రతిజాతియందును ప్రత్యేకమైన దారిని నడచును. ఆ దారి ఆ జాతి ఇండ్ల నడుమగా పోవును.

అనువాదము ముగిసినపిమ్మట గణితము వచ్చును. ఏడు గుంపులును తెలుగువారిలో ఏడుగానే విడివడుచున్నవా, ఒక్కొక్క వాక్యపు బరువు రెండు భాషలలోను సమానమేనా, ఒకే మనఃస్థితిగల ఇరువురు రెండు భాషలలో ఒకే అంకెను గుర్తింతురా అని వరుసగా పరీక్షింపవలెను. పూర్వము ఒక సీమ కుంచము మరియొక సీమ కుంచముతో సరిపోయెడిది కాదు. పేరొక్కటే, పట్టు ధాన్యము వేరు. రెండూళ్లలోను పదేసి కుంచములు పండినవని విని రెండూళ్ల పంటయు సమానమనువాడు వర్తకము చేయలేడు. మూడవ పరీక్ష నెగ్గని ప్రశ్నావళితో తెలుగువిద్యార్థుల సగటును కెనడావిద్యార్థుల సగటుతో పోల్చి, మనవారికి అంతఃప్రేరణ తక్కువయని ప్రకటించువారు ఆ వర్తకులకంటె మిన్న కారు. ఆ ప్రకటన పత్రికలకెక్కును. ఉపాధ్యాయుడు దానిని చదివి తన తరగతిలోని పిల్లలను మరియొక కంటితో చూడసాగును. హాని అచ్చట జరుగును.

నోటుపుస్తకపు చివరిపుటలను గూర్చి చెప్పి విరమింతును. ఏ గుంపునను ఇముడని పిల్లల మాటలను గురువుగారు అచ్చట వేరుగా చేర్చిరి. పంతము. పౌరుషము. ఆశ. 'మా అమ్మ వేలిముద్ర వేస్తుంటే చూడలేక.' వీనిలో ఒక మాట పలుమారులు వచ్చినది, ప్రతిమారును వారు దాని క్రింద గీత గీచిరి: కసి. కసితో చదివితినని ఒక బాలుడు, కసి పుట్టి మరల కాలేజీలో చేరితినని పెండ్లియైన యువతి. కోపము కాని కోపమది. ఒకరు చేసిన అవమానమునుండి పుట్టి, వారిని వదలి, పుస్తకము మీదికి మరలినది. వెలుపల పుట్టినదే గదా యని వెలుపలి గుంపున వేయుదమన్న, రాత్రి రెండుగంటలకు లేపి దీపము పెట్టించునది అదియే. లోపలిదందమన్న, అందులో ఆనందము లేదు. దానిని ఆంగ్లము చేయుటకు మా ఉపన్యాసకమిత్రులు మువ్వురు మూడు మాటలు సూచించిరి, మూడింటిని వారే కొట్టివేసిరి.

గురువుగారు మూలమునందలి ఇరువదియెనిమిది వాక్యముల తరువాత, కొంత ఎడము విడిచి, ఇరువదితొమ్మిదవ సంఖ్య వేసి, 'కసి పుట్టి చదువుకుంటున్నాను' అని వ్రాసిరి. మేము నేటికిని ఆ పత్రమును అట్లే అచ్చువేయుచున్నాము. పిల్లలు దానిదగ్గర కొంచెము ఆగి అంకె గుర్తింతురు. ఆ అంకెను ఇంతవరకు ఏ మొత్తములోను కలుపలేదు. వేరుగా ఒక పుస్తకమున ఎక్కించి యుంచుచున్నాము.